రీల్ ఎన్ని సెకన్లు, యూట్యూబ్ వీడియో ఎన్ని నిమిషాలు: నిడివి లెక్కగట్టే పద్ధతి

"రీల్ ఎన్ని సెకన్లుంటే మంచిది?" అని అడిగితే చాలామంది ఒక అంకె చెప్పి పంపేస్తారు. ఒకరు 15 అంటారు, ఇంకొకరు 30 అంటారు, యూట్యూబ్‌కైతే 8 నిమిషాలు దాటించమని మరొకరు చెబుతారు. ఆ అంకె పట్టుకుని షూటింగ్‌కు దిగితే, చెప్పాల్సింది సగంలోనే తెగిపోతుంది. లేదంటే ఉన్న కాస్త విషయాన్నీ సాగదీయాల్సి వస్తుంది.

నిడివి షూటింగ్‌కు ముందే కాగితం మీద తేలాలి. విషయాన్ని సెకన్లలోకి మార్చి, మొత్తం ఎంత వచ్చిందో చూశాకే అది రీలా, షార్టా, పొడుగు వీడియోనా అన్నది నిర్ణయించుకోవాలి. దీనికి ఒక కాగితం, ఫోన్‌లో స్టాప్‌వాచ్, మీకు అలవాటైన ఎడిటింగ్ యాప్ చాలు. వీఎన్, ఇన్‌షాట్, కైన్‌మాస్టర్, ఏదైనా సరే.

1. వీడియో చేయాల్సిన పని ఒక్క వాక్యంలో రాయండి

కాగితం పైన ఇలా రాయండి: "ఇది చూశాక చూసినవాళ్లు ______." ఖాళీలో ఒక్క పనే ఉండాలి.

"చీర గురించి తెలుసుకుంటారు" అని రాస్తే నిడివి తేలదు. "ఈ మంగళగిరి చీర అంచు, పైట, ధర చూసి వాట్సాప్‌లో అడుగుతారు" అని రాస్తే అక్కడికక్కడే తేలిపోతుంది. అంచుకొక షాట్, పైటకొకటి, కట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో ఒకటి, ధర, నంబరు. అంతా కలిపి 20 సెకన్లు దాటదు.

రాసిన వాక్యంలో "అలాగే", "దాంతోపాటు" లాంటి మాట దొర్లిందంటే మీ దగ్గర ఉన్నవి రెండు వీడియోలు. వాటిని విడదీయడానికి ఇదే సమయం. ఎడిటింగ్ దాకా వెళ్లాక తీసిన షాట్ వదులుకోవడానికి ఎవరికీ మనసొప్పదు.

2. మాటలు లెక్కపెట్టండి

నిమిషానికి 150 మాటలు అన్నది ఇంగ్లీషు వీడియోలకు చెప్పే లెక్క. తెలుగుకు అది నప్పదు. "నేర్చుకోవాలనుకుంటున్నవాళ్లకి" అన్నది మనకు ఒకటే మాట. అదే ఇంగ్లీషులో అయితే ఐదారు మాటలవుతుంది. తెలుగులో తీరిగ్గా వివరిస్తూ మాట్లాడితే నిమిషానికి సుమారు 100 నుంచి 120 మాటలు వస్తాయి. దాన్నిబట్టి:

- 15 సెకన్లకు 25–30 మాటలు
- 30 సెకన్లకు 50–60 మాటలు
- 60 సెకన్లకు 100–120 మాటలు
- 90 సెకన్లకు 150–180 మాటలు
- 3 నిమిషాలకు 300–360 మాటలు

ఇది అంచనాకే. మీ వేగం మీరే కొలుచుకోవాలి. స్క్రిప్టును పైకి, ఎదుటి మనిషికి చెబుతున్నట్టు చదవండి. మనసులో చదివితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే కంటికి ఊపిరి తీసుకునే పని లేదు. మూడుసార్లు చదివి, మధ్యలో వచ్చిన అంకె తీసుకుని దానికి పదో వంతు కలపండి. కెమెరా ముందు తడబాట్లు, విరామాలు అంతమేర పెంచుతాయి.

60 సెకన్ల వీడియోకు 160 మాటలు వచ్చాయనుకోండి. గబగబా మాట్లాడి సరిపెట్టొద్దు. ఎడిటింగ్‌లో వాయిస్‌ను 1.1 రెట్ల వేగం దాకా పెంచితే పెద్దగా తెలియదు. 1.25 దగ్గరకు వచ్చేసరికి ఒత్తులు కరిగిపోతాయి, పెద్దవయసువాళ్లు అందుకోలేరు. మాటలు తగ్గించడమే దారి. ముందుగా పోవాల్సినవి ఇవి.

పలకరింపు. "నమస్తే ఫ్రెండ్స్, వెల్‌కమ్ బ్యాక్ టు అవర్ ఛానల్, ఈరోజు వీడియోలో మనం ఏం తెలుసుకోబోతున్నామంటే" అన్నది 12 మాటలు. ఆరేడు సెకన్లు. 30 సెకన్ల రీల్‌లో ఐదో వంతు దీనికే పోతుంది, అప్పటికి చూసేవాళ్ల బొటనవేలు తెర మీద కదిలిపోయి ఉంటుంది.

"జరుగుతుంది" జబ్బు. "ఇప్పుడు ఇందులోకి మనం ఉప్పును యాడ్ చేసుకోవడం జరుగుతుంది" అంటే ఏడు మాటలు. "ఉప్పు వేయాలి" అంటే రెండు. స్క్రిప్టులో "చేసుకోవడం జరుగుతుంది", "చూసుకున్నట్లయితే", "అన్నమాట" ఎక్కడున్నా గీత కొట్టండి. ఈ ఒక్క పనితోనే చాలా స్క్రిప్టులు దారికొస్తాయి.

చూపించేదాన్నే చెప్పడం. తెర మీద ఉల్లిపాయ వేగుతూ కనబడుతుంటే "ఉల్లిపాయలు వేగుతున్నాయి చూడండి" అనక్కర్లేదు. కనబడనిది చెప్పండి: మంట ఎంత, ఎంతసేపు, ఏ రంగు వచ్చేదాకా.

3. మాట లేని షాట్లకు, తెర మీది అక్షరాలకు సెకన్లు వేయండి

మాటల లెక్క అయ్యాక, గొంతు వినబడని చోట్లకు విడిగా సెకన్లు వేయాలి. చాలామంది దీన్ని మరిచిపోతారు. 40 సెకన్లనుకున్న వీడియో 65 అయ్యేది ఇందుకే.

- ఒక చేతి పని (మడత, కోత, పోత): 1.5 నుంచి 3 సెకన్లు
- ముందు, తర్వాత పోలిక: ఒక్కోదానికి 2 సెకన్లు
- ఒక వరుస తెలుగు అక్షరాలు (4–5 మాటలు): కనీసం 2.5 సెకన్లు
- ధర, కొలత, ఫోన్ నంబరు: 3 నుంచి 4 సెకన్లు

అక్షరాల విషయంలో ఒక కొలత గుర్తుపెట్టుకోండి. తెర మీద ఉన్నంతసేపట్లో మీరు దాన్ని మామూలు వేగంతో రెండుసార్లు చదవగలగాలి. రాసింది మీరే కాబట్టి మీకు ఒక్కసారి సరిపోయినట్టు అనిపిస్తుంది. కొత్తగా చూసేవాళ్లకు రెట్టింపు సేపు పడుతుంది.

గొంతు చెబుతున్నదే తెర మీద రాసి ఉంటే అదనపు సెకన్లు అక్కర్లేదు. గొంతు ఒకటి, అక్షరాలు మరొకటి చెబుతుంటే మాత్రం సెకన్లు కలపాలి. ఇంకా మంచిది, వాటిలో ఒకటి తీసేయడం.

మాటల సెకన్లు, మాట లేని సెకన్లు కూడితే వచ్చేది మీ వీడియో అసలు నిడివి. దీన్ని కాగితం పైన పెద్దగా రాసి చుట్టూ గీత గీయండి.

4. ఏ యాప్‌లో ఎంతవరకు పడుతుందో చూసుకోండి

ఇవి యాప్ ఒప్పుకునే హద్దులు. అంతా నింపాలని రూలేం లేదు.

- యూట్యూబ్ షార్ట్స్: నిలువుగా గానీ చదరంగా గానీ ఉన్న వీడియో 3 నిమిషాల వరకు. 2024 అక్టోబరు 15 నుంచి ఇది అమల్లో ఉంది.
- ఇన్‌స్టాగ్రామ్ రీల్స్: 2025 జనవరిలో 90 సెకన్ల హద్దు 3 నిమిషాలకు పెరిగింది. స్టోరీ ఒక్కో ముక్క 60 సెకన్లు.
- ఫేస్‌బుక్: వీడియోలన్నీ రీల్స్‌గానే వెళ్లేలా, నిడివి హద్దు లేకుండా మారుస్తున్నట్టు 2025 జూన్‌లో మెటా ప్రకటించింది.
- యూట్యూబ్ మామూలు వీడియో: ఫోన్ నంబరుతో వెరిఫై చేయని ఛానల్‌కు 15 నిమిషాలు. వెరిఫై చేస్తే 12 గంటలు లేదా 256 జీబీ, ఏది తక్కువైతే అది.
- ఎక్స్ (పాత ట్విట్టర్): డబ్బు కట్టని ఖాతాకు 2 నిమిషాల 20 సెకన్లు.
- లింక్డ్ఇన్: ఫోన్ నుంచి 10 నిమిషాలు, కంప్యూటర్ నుంచి 15.
- వాట్సాప్ స్టేటస్: నిమిషం లోపు పెట్టుకుంటే బెంగ ఉండదు.

హద్దు అంచు దాకా వెళ్లొద్దు. టైమ్‌లైన్‌లో సరిగ్గా 3:00 ఉన్న వీడియో ఎక్స్‌పోర్ట్ అయ్యాక ఒకటి రెండు ఫ్రేములు ఎక్కువ రావొచ్చు. 3 నిమిషాల హద్దుకు 2:58, నిమిషానికి 58 సెకన్లు, ఎక్స్‌కు 2:18 దగ్గర ఆపేయండి. హద్దులు మారినప్పుడు అప్‌లోడ్ స్క్రీన్ ఏది చూపిస్తే అదే లెక్క.

టిక్‌టాక్ భారత్‌లో 2020 జూన్ చివరి నుంచి లేదు. అమెరికాలాంటి చోట్ల ఉండి అక్కడ పెట్టేవాళ్లు ఒక్కటి గమనించాలి. దాని క్రియేటర్ రివార్డ్స్ కింద డబ్బు రావాలంటే వీడియో నిమిషం దాటాలి.

5. పనిని బట్టి ఎక్కడ మొదలుపెట్టాలి

గీత గీసిన అంకెను కింది వాటితో పోల్చండి. ఇవి మొదటి అడుగుకే, వీడియో పెట్టాక ఎవరు ఎంతవరకు చూశారో చూపే గ్రాఫ్‌ను (10వ మెట్టు) బట్టి జరుపుకోవాలి.

- వస్తువు చూపించడం (చీర, నగ, కొత్త వంటకం ప్లేటు): 12–20 సెకన్లు
- ముందు, తర్వాత: 15–30 సెకన్లు
- ఒక ప్రశ్నకు జవాబు, ఒక చిట్కా: 25–45 సెకన్లు
- నాలుగైదు మెట్ల చిన్న పద్ధతి: 60–90 సెకన్లు
- పూర్తి వంట, రిపేరు, దరఖాస్తు నింపడం: 4–8 నిమిషాలు, అడ్డంగా
- పాఠం, పరీక్ష తయారీ: 10–25 నిమిషాలు, చాప్టర్లతో (నేరుగా కావాల్సిన చోటికి వెళ్లేలా టైమ్‌లతో విడగొట్టిన భాగాలు)

మీ అంకె దీనికి పది, పదిహేను సెకన్లు అటూ ఇటూ ఉంటే షూట్ చేసేయొచ్చు. రెట్టింపు ఉంటే స్క్రిప్టు ఇంకా పలచగానే ఉంది, లేదా అది రెండు వీడియోల సరుకు. చిన్న పద్ధతి అనుకున్నది 3 నిమిషాలు వస్తే దాన్ని రీల్‌లో కుక్కడం కన్నా అడ్డంగా తీసి పొడుగు వీడియోగా పెట్టడమే మేలు. మధ్యలో ఆపి, వెనక్కి జరిపి చేసి చూసుకునేవాళ్లకు అదే అనువు.

6. ఒకే షూటింగ్, మూడు నిడివులు: ఆవకాయ

ఆవకాయ తీసుకుందాం. షూట్ ఒకటే అయినా వీడియోలు చేసే పనులు మూడు, కాబట్టి నిడివులూ మూడు.

45 సెకన్ల రీల్. దీని పని: "ముక్క ఎందుకు మెత్తబడుతుందో తెలుసుకుని, కొలత రాసుకుంటారు."

- 0–3: మూడో రోజు జాడీలోంచి ముక్క పైకి తీస్తుంటే నూనె కారే క్లోజప్. గొంతు: "ఆవకాయ ముక్క మెత్తబడిపోతోందా?"
- 3–10: కాయ తడి లేకుండా తుడవడం, టెంకతో సహా కోత, జీడి తీయడం.
- 10–24: కొలత. నాలుగు గ్లాసుల ముక్కలకు గ్లాసు కారం, గ్లాసు ఆవపిండి, ముప్పావు గ్లాసు ఉప్పు. ఒక్కోటి తెర మీద 3–4 సెకన్లు నిలవాలి.
- 24–36: నువ్వుల నూనెతో కలపడం 6, జాడీకి ఎత్తడం 6.
- 36–45: మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూడటం. చివరి షాట్ మళ్లీ ముక్క పైకి తీయడమే, మొదటి షాట్‌కు అతుక్కుపోతుంది.

ఇదే వీడియో మొదటి కోతలో 71 సెకన్లు వచ్చిందనుకోండి. 26 సెకన్లు ఎక్కడ తగ్గాలి? పలకరింపు 6. కాయ తుడిచి కోసేది 15 నుంచి 7కు, అంటే 8. కలపడం 12 నుంచి 6కు, అంటే మరో 6. చివర్లో "లైక్, షేర్, సబ్‌స్క్రైబ్" 6. సరిగ్గా 26. కొలతల 14 సెకన్ల జోలికి మాత్రం పోలేదు. ఎక్కువమంది కోతను అక్కడే మొదలుపెడతారు, ఎందుకంటే అక్కడ కదలిక తక్కువ, చూడ్డానికి చప్పగా ఉంటుంది. కానీ ఈ రీల్ ఎవరైనా సేవ్ చేసుకునేది ఆ 14 సెకన్ల కోసమే.

6 నిమిషాల 30 సెకన్ల యూట్యూబ్ వీడియో. దీని పని: "మొదటిసారి పెట్టేవాళ్లు పక్కన ఫోన్ పెట్టుకుని చేసేస్తారు."

- 0:00 తయారైన ఆవకాయ, కొలత ఒక్క వాక్యంలో
- 0:15 కాయ ఎంపిక, టెంక ముదిరిందో లేదో
- 1:15 తుడవడం, కోత, జీడి, లోపలి పొర
- 2:15 కొలతలు, కారం రకం
- 3:30 కలపడం, నూనె ఎంత
- 4:45 జాడీ, మూడో రోజు
- 5:45 ఉప్పు చాలకపోతే, నూనె పైకి తేలకపోతే

ఈ టైమ్‌లనే డిస్క్రిప్షన్‌లో చాప్టర్లుగా పెట్టండి. మొదటిది 0:00తో మొదలవ్వాలి, కనీసం మూడుండాలి, ఏ ఒక్కటీ 10 సెకన్లకు తగ్గకూడదు. ఎండ్ స్క్రీన్ (చివర్లో మీ ఇతర వీడియోలు, సబ్‌స్క్రైబ్ బటన్ కనబడే భాగం) 5 నుంచి 20 సెకన్లు ఉంటుంది. దాని కోసం విడిగా ఖాళీ తెర అతికించకుండా, చివరి షాట్ మీదే చోటు వదలండి.

25 సెకన్ల వాట్సాప్ స్టేటస్. దీని పని: "తెలిసినవాళ్లు లింకు అడుగుతారు." ముక్క క్లోజప్ 4, కొలత అక్షరాలు 9, కలపడం 6, "పూర్తి వీడియో కావాలంటే మెసేజ్ పెట్టండి" 6. స్టేటస్‌ను చాలామంది శబ్దం లేకుండా చూస్తారు కాబట్టి ఇక్కడ అక్షరాలే గొంతు.

షూటింగ్‌లో ఒక జాగ్రత్త: రీల్ నిలువు, యూట్యూబ్ అడ్డం. అడ్డంగా తీసిన షాట్‌ను నిలువుగా కోస్తే పక్కలు పోతాయి. చేతులు, గిన్నె ఫ్రేము నడిమధ్యలో ఉంచితే రెండింటికీ పనికొస్తుంది. కొలతల షాట్ మాత్రం రెండుసార్లు, రెండు విధాలుగా తీసేయండి.

7. కోత వరుస

ఎడిటింగ్‌లో ముందు నుంచి చివరకు కోసుకుంటూ వెళ్లొద్దు. ఈ వరుసలో వెళ్లండి.

మొదట ముఖ్యమైన షాట్ ఏదో గుర్తించి దాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టండి. తర్వాత తోక కోయండి: విషయం అయిపోయిన చోటే వీడియో అయిపోవాలి. ఆ తర్వాత తల కోయండి: మొదటి ఫ్రేములోనే కదలిక గానీ ప్రశ్న గానీ ఉండాలి. మధ్యలో మాటకు మాటకు మధ్య ఉన్న ఖాళీలు చివర్లో తీయండి, అవి కూడా పూర్తిగా తీయకండి. వాక్యానికీ వాక్యానికీ నడుమ పావు సెకను వదిలితే వినేవాళ్లకు ఊపిరి ఆడుతుంది.

కోత అయ్యాక ఒకసారి శబ్దం ఆపి చూడండి, ఒకసారి కళ్లు మూసుకుని వినండి. రెండింటిలోనూ విసుగొచ్చిన చోటు ఒకటే అయితే అది పోవాల్సిందే.

8. తరచూ జరిగే తప్పులు, వాటి సవరణ

2:40 నిలువు వీడియోను "పూర్తి వీడియో" అనుకుని యూట్యూబ్‌లో పెట్టడం. అది షార్ట్ అయిపోతుంది. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం, ప్రకటనల డబ్బులో వాటా ఇచ్చే యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్ 4,000 గంటల లెక్కలోకి రాదు. గంటలు కావాలంటే అడ్డంగా తీయాలి, లేదా 3 నిమిషాలు దాటాలి.

నిమిషం దాటిన షార్ట్‌కు సినిమా పాట పెట్టడం. కంటెంట్ ఐడీ క్లెయిమ్ (ఆ పాట హక్కు తమదని హక్కుదారుల తరఫున యూట్యూబ్ పట్టుకోవడం) పడితే అలాంటి షార్ట్ బ్లాక్ కావచ్చు. పాట కావాలంటే నిమిషం లోపు ముగించండి. నిమిషం దాటాలంటే యూట్యూబ్ ఆడియో లైబ్రరీ సంగీతం గానీ, మీ గొంతు ఒక్కటే గానీ వాడండి.

5 నిమిషాల సరుకును 8:05 చేయడం. మధ్యలో ప్రకటనలు 8 నిమిషాలు, అంతకు మించిన వీడియోలకే వస్తాయన్నది నిజమే. కానీ సాగదీసిన మూడు నిమిషాల్లో జనం వెళ్లిపోతే ఆ మధ్య ప్రకటన దాకా ఎవరు చేరతారు? 8 దాటించాలంటే సరుకు చేర్చండి: తప్పులు, సవరణలు, ఇంకో రకం కొలత.

విషయాన్ని సగంలో ఆపి "పార్ట్ 2 కోసం ఫాలో అవ్వండి" అనడం. ఒక్కో భాగం దానంతట అది ఒక పని పూర్తి చేస్తేనే భాగాలుగా విడగొట్టాలి. "కాయ కోత" ఒకటి, "కొలత" ఒకటి అయితే సరే. కొలత దగ్గరకు తెచ్చి ఆపితే కామెంట్లలో తిట్లే వస్తాయి.

మూడు యాప్‌లకూ ఒకే ఫైలు. కనీసం తోకైనా మార్చండి. "లింక్ బయోలో ఉంది" అన్న మాట యూట్యూబ్ షార్ట్‌లో వినబడితే నవ్వుతారు.

9. పెట్టే ముందు ఒక చూపు

- పని ఒక్క వాక్యంలో రాశారా?
- మొదటి 3 సెకన్లలో ప్రశ్న గానీ ఫలితం గానీ ఉందా?
- కొలత, ధర, నంబరు రెండుసార్లు చదివేంత సేపు ఉన్నాయా?
- విషయం అయిపోయాక 2 సెకన్లకు మించి మిగిలిందా?
- హద్దుకు 2 సెకన్లు ముందే ఆగిందా?
- నిమిషం దాటిన షార్ట్ అయితే సంగీతం ఎక్కడిది?

10. పెట్టాక గ్రాఫ్ చూసి నిడివి సరిచేయండి

యూట్యూబ్ స్టూడియోలోనూ, ఇన్‌స్టాగ్రామ్ ఇన్‌సైట్స్‌లోనూ ఎవరు ఎంతవరకు చూశారో తెలుస్తుంది. వ్యూస్‌తో నిడివిని అంచనా వేయకండి. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ఆడటం మొదలైతే చాలు, యూట్యూబ్ దాన్ని వ్యూగా లెక్కిస్తోంది. ఆగి చూసినవాళ్లను లెక్కించే "ఎంగేజ్డ్ వ్యూస్" అన్న అంకె, ఏ సెకను దాకా ఎంతమంది మిగిలారో చూపే రిటెన్షన్ గీత చూడండి.

- మొదటి మూడు సెకన్లలో గీత నిట్టనిలువుగా పడితే అది నిడివి సమస్య కాదు. మొదటి షాట్ మార్చండి.
- మెల్లగా వాలుతూ పోతే మామూలే.
- మధ్యలో ఒకచోట గొయ్యి పడితే ఆ సెకను దగ్గర ఏముందో చూసి, వచ్చే వీడియోలో దాన్ని సగం చేయండి.
- చివరి ఐదు సెకన్లలో అందరూ దిగిపోతే, "థాంక్యూ" వినబడగానే లేచారన్నమాట. తోక తీసేయండి.
- ఒకచోట గీత పైకి లేస్తే జనం వెనక్కి జరిపి చూశారు. అక్కడ అక్షరాలు త్వరగా పోయాయేమో చూడండి. నిడివి పెంచాల్సిన చోటు అది.

ఒక పొరపాటు లెక్క తరచూ కనిపిస్తుంది. 60 సెకన్ల రీల్‌ను సగటున 24 సెకన్లు చూశారంటే, అంటే 40 శాతం, "అయితే 24 సెకన్లకే కోసేద్దాం" అనుకుంటారు. 24 అన్నది సగటు. కొందరు 3 సెకన్లకే పోయారు, కొందరు 60 చూశారు. కోసేస్తే నష్టపోయేది ఆ చివరిదాకా చూసినవాళ్లే, అంటే మీ సరుకు కావాల్సినవాళ్లు. గొయ్యి ఉన్నచోటే కోయండి.

రెండు నిడివులు పోల్చాలంటే ఒకే విషయాన్ని 30కి, 55కు కోసి, వారం తేడాతో, అదే రోజు అదే గంటకు పెట్టండి. కవర్, మొదటి షాట్ మార్చకండి. మీ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో ట్రయల్ రీల్స్ కనిపిస్తే దాంట్లో పెట్టొచ్చు, ముందు మిమ్మల్ని ఫాలో కానివాళ్లకే చూపిస్తుంది. ఒక్క వీడియోతో తేల్చేయకుండా ఒకే రకం పని చేసే ఐదు వీడియోలు అయ్యాక చూడండి. చీరల వీడియోల్లో తేలిన నిడివిని వంటల వీడియోలకు తగిలించొద్దు. వాటికి మళ్లీ మొదటి మెట్టు నుంచి, కాగితం మీద నుంచే లెక్క కట్టాలి.